మా పిల్లకి మంచిగా చెప్పండి

నలభై ఇళ్ళకు నలభై ఇళ్ళూ చల్లగా ఉన్నాయట! ఏ మగాడూ తాగడట, ఏ పిల్లా బడి మానలేదట, జబ్బు చేసి ఆసుపత్రికి వెళ్ళలేక ఆగిపోయిన మనిషే లేదట... అడవులదీవి నుంచి జెన్నిఫర్ రాసుకొచ్చిన సర్వే కాగితాలు తిరగేసి, తెనాలి ఆఫీసులో సౌజన్య మేడం ఒక్కటే అడిగింది. "ఇవి ఇళ్ళకెళ్ళి అడిగి రాశావా, ఎక్కడో కూర్చుని నింపావా?" అని. అంతే, రేపల్లె బస్సెక్కింది మొదలు ఇంటి గడప దాకా ఆ పిల్ల ఏడుస్తూనే వచ్చింది.

"సోమవారం లోపు తేల్చకపోతే యూనివర్సిటీకి రాసేస్తారంటమ్మా. దొంగ సర్వే చేసిన పిల్లకి ఇంకెవరిస్తారు ఉద్యోగం?" అని తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది.

పుష్పలత కూతురి తల నిమిరింది. ఎమ్మే సోషియాలజీలో చేరుతున్నానని జెన్నిఫర్ అన్న రోజున చుట్టాలంతా నవ్వారు. తండ్రి బాలస్వామి అయితే, బాపట్లలో బీఎడ్ చేస్తే నీడపట్టున టీచరు ఉద్యోగం ఉండేది కదా అని ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు. అలాంటిది యూనివర్సిటీవాళ్ళే పూనుకుని తెనాలిలో ఒక సేవాసంస్థకు ఆరు వారాల పనికి పంపారు. పని నచ్చితే అక్కడే ఉద్యోగమన్నారు. క్లాసు మొత్తంలో ఇద్దరికే వచ్చిన అవకాశం! అది కాస్తా ఇప్పుడు చేజారేట్టుంది.

"నువ్వు ఇల్లిల్లూ తిరిగావని నాకు తెలీదా తల్లీ..."

"తిరిగాను. కానీ అందరూ ఒకే మాట చెప్పారమ్మా. పాఠం అప్పజెప్పినట్టు."

పుష్పలత చెయ్యి కూతురి జుట్టులోనే ఆగిపోయింది. అయ్యో... అయ్యో! అడవులదీవి ఆమె పుట్టిల్లు. కూతురు అక్కడికే సర్వేకు వెళ్తోందని తెలిసి, సంబరం పట్టలేక అన్నగారి భార్య అన్నమ్మకు ఫోన్ చేసింది. "వదినా, మా జెన్ని వస్తంది. దాని ఉద్యోగం ఈ ప్రశ్నల మీదే ఉంది. మా పిల్లకి మంచిగా చెప్పండి, ఒక్క చెడ్డ మాట రానీబాకండి" అంది. ఆదివారం ఆరాధన అయ్యాక అన్నమ్మ ఆ మాట పేటంతా చేరవేసింది. ఇంకేముంది, పెళ్ళిచూపులవాళ్ళు వస్తున్నారంటే ఇల్లు సర్దినట్టు, ఊరు ఊరంతా కష్టాలన్నీ మంచం కిందకి తోసేసింది. మార్కులు బాగా రావాలంటే జవాబులు బాగుండాలి గదా అనుకుంది పిచ్చి తల్లి పుష్పలత. ఆమెను తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

"నేనే చెప్పానే..." అని అంతా చెప్పేసింది. జెన్నిఫర్ లేచి అవతలకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు, తల్లి మొహం చూడలేదు.

మర్నాడు పుష్పలత చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా తెనాలి బస్సెక్కింది.

"తప్పు నాదండి. శిక్ష ఏదన్నా ఉంటే నాకెయ్యండి. దానికి ఇదేమీ తెలీదండి" అని సౌజన్య మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

అంతా విన్నాక ఆవిడ కుర్చీ జరిపి పుష్పలతను కూర్చోబెట్టింది. "అందరూ బాగున్నారని రాస్తే ఆ ఊరికి డాక్టర్ని పంపమని మేం ఎవర్ని అడగాలమ్మా? మీరేసిన ముడి మీరే విప్పాలి. సోమవారం దాకా ఆగుతాను" అంది. పిల్లకే కాదు, పుట్టింటికీ అన్యాయం చేశానా అని పుష్పలత కుమిలిపోయింది.

శనివారం తల్లీకూతుళ్ళిద్దరూ అడవులదీవి వెళ్ళారు. బస్సులో జెన్నిఫర్ వేరే సీట్లో కూర్చుంది. చర్చి వరండాలో ఆడవాళ్ళంతా చేరారు.

"నేను చెప్పింది తప్పు వదినా. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి."

"బాగానే ఉంది. నలుగురిలో ఇంటి గుట్టు ఎట్టా చెప్పమంటావ్ పుష్పా? నువ్వయితే చెప్తావా?" అంది అన్నమ్మ.

పుష్పలత కూతురి ఎదురుగా చాప మీద కూర్చుంది. "ముందు నాది రాయి."

"మన ఇల్లు ఈ సర్వేలోకి రాదమ్మా."

"రాకపోతే పోనీ. అడుగు."

విసుగ్గానే అడిగింది జెన్నిఫర్. పేరు, వయసు, చదువు... కాగితంలోంచి తలెత్తకుండా, "గత అయిదేళ్ళలో ఇంట్లో ఎవరైనా పస్తులున్నారా?" అంది. లేదు అని రాయడానికి కలం కూడా పెట్టేసింది.

"ఉన్నారు."

"ఎవరు?"

"నేను." పుష్పలత కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "మీ నాన్న కాలు విరిగి మంచంలో ఉన్న ఏడాది. నువ్వప్పుడే డిగ్రీలో చేరావు. బుధవారం, శుక్రవారం ఉపవాస ప్రార్థన అనేదాన్ని గదా... ప్రార్థన చేశాన్లే, అది అబద్ధం కాదు. మీ ఇద్దరికీ పెట్టాక గిన్నెలో ఉండేది కాదే."

జెన్నిఫర్ కలం కదల్లేదు. అమ్మకి భక్తి ముదిరిందని స్నేహితురాళ్ళ ముందు తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. అమ్మ కూడా నవ్వింది అప్పుడు, ఖాళీ కడుపుతో! కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఎన్నాళ్ళమ్మా?" అంది. అది కాగితంలో ఉన్న ప్రశ్నో, తన ప్రశ్నో ఆ పిల్లకే తెలియదు.

"ఎనిమిది నెలలు. రాయి తల్లీ."

అన్నమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "నా కాగితం చింపేసి మళ్ళీ రాయి జెన్నీ. మీ మావయ్య సంగతి చెప్తా. కాకపోతే ఇంటికాడికి రా, ఇక్కడొద్దు."

ఆదివారం పొద్దుగూకేసరికి నలభై ఇళ్ళూ పూర్తయ్యాయి. సోమవారం సౌజన్య మేడం ఆ కాగితాలను ఒక్కొక్కటే మధ్యాహ్నం దాకా చదివింది. "ఆరు వారాలు కాగానే ఇక్కడే చేరిపో" అంది.

ఆ సాయంత్రం జెన్నిఫర్ ఇంటికొచ్చి తనే వంట చేసింది. పళ్ళెంలో అన్నం పెట్టి తల్లి చేతికిచ్చింది.

"మీ నాన్నని రానీవే."

"వస్తార్లే. నువ్వు ముందు తిను."

తల్లి తింటున్నంతసేపూ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. రెండోసారి వడ్డించబోతే పుష్పలత అలవాటుగా పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టింది. జెన్నిఫర్ ఆ చెయ్యి మెల్లగా పక్కకు జరిపి అన్నం పెట్టింది.