నోట్లో చింతగింజ

పిల్లలూ, శంఖతీరం రాజ్యానికి పెద్ద ఆపదే వచ్చిపడింది. ఒలందా వాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, ఓడ తెచ్చిన పీపాలోంచి ఒక భూతం బయటపడి, ఏటిమొగ దగ్గరి కోటలో తిష్ఠ వేసింది. దాని చావు రహస్యం దాని నోటనే ఉంది. అడిగినవాళ్ళకు చెప్పితీరాలని దానికి శాపం. చెప్పేదేమో ఒలందా భాషలో. ఆ భాషలోనూ ఒక్కోసారి మాట తోకదాకా వింటేగాని చేయవలసిన పనేమిటో తెలియదు. అప్పటికే ఏడుగురు వీరుల తలలు తెగాయి.

ఎనిమిదోవాడిగా, ఆ భాషను తెలుగులోకి మార్చి చెప్పే దుబాసి పైడయ్య వెళ్ళి మెడదాకా రాయి అయిపోయాడు. పొద్దు వాలితే భూతం ఆ తల తుంచుకుంటుంది.

కబురు విని, అతని దగ్గరే ఆ భాష నేర్చుకున్న కూతురు సూరీడమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి, లేచి, చింతగింజ ఒకటి బుగ్గన పెట్టుకుంది. ఎదుటివారి మాట పూర్తయ్యాకే గింజ ఉమ్మి నోరు విప్పడం ఆ దుబాసీల ఆనవాయితీ.

కందకంలో మొసలి అడ్డొచ్చింది. "నా వీపు, మొన్న సేనాపతి ఎక్కిన ఈ వీపు," అని ఆగింది. ఆమె కదల్లేదు. "ఎక్కకుండా, తోక పట్టుకుని దాటు" అంది చివరికి. సూరీడమ్మ అలాగే దాటింది.

వాకిట్లో రెండు తలల కుక్క, "నన్ను, ఆకలిగా ఉన్న నన్ను," అంటూనే ఆమె చెయ్యి కొరికి కండ ఊడబెరికింది. ఆమె కిక్కురుమనలేదు. "కొట్టకుండా లోపలికి నడు" అంది కుక్క.

లోపల తండ్రి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "పారిపోవే తల్లీ. సగం విని, మిగతాది నాకు తెలీదా అనుకున్నాను. అందుకే నాకీ గతి."

సూరీడమ్మ గింజ చేతిలోకి తీసి భూతాన్ని అడిగింది, "నీ చావు దేనితో?" అడిగి, మళ్ళీ గింజ బుగ్గన పెట్టుకుంది.

"గోడకు వేలాడే కత్తి ఉందే, ఏడుగురు వీరులు పట్టిన కత్తి, దాన్ని," అంటూ భూతం ఒక తెగిన తలను ఆమె కాళ్ళ ముందుకు విసిరింది. గోళ్ళతో ఆమె భుజం చీల్చింది. నెత్తురు ధార కట్టింది. కత్తి చేతికందేంత దూరంలోనే ఉంది. అందరూ ఇక్కడే దాన్ని పట్టుకుని రాళ్ళయ్యారు. ఆమె గింజను పళ్ళ మధ్య బిగబట్టింది.

శాపం ఊరుకుంటుందా? మిగతా మాట భూతం గొంతులోంచి గుంజుకొచ్చింది. "ముట్టకుండా, నా పీట కింది గొడ్డలితో నా మెడ నరుకు."

ఆమె గింజ ఉమ్మి గొడ్డలి లాగింది. మూడో వేటుకు భూతం తల తెగి దొర్లింది. నల్లటి నెత్తురు నేలంతా పరుచుకుంది. పైడయ్య ఒంటి మీది రాయి పెచ్చులుగా రాలిపోయింది. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నారు.

మర్నాడు నిండు సభలో రాజుగారు, "సూరీడమ్మా, నా రాజ్యంలో సగం," అంటుండగానే, "అంత మాటెందుకు మహాప్రభో" అని పైడయ్య అడ్డుపడబోయాడు.

సూరీడమ్మ కొంగు ముడి విప్పి అతని చేతిలో ఒక చింతగింజ పెట్టింది. "నోట్లో వేసుకో నాన్నా. రాజుగారి మాట ఇంకా అవలేదు."