ఇంటిపేరు అడిగిన పాపానికి

కుమారవేల్ ఊపిన ప్లేటులోని నీళ్ళన్నీ వెళ్ళి ఒక అమ్మాయి ముఖాన పడ్డాయి. అతని ప్రేమకథ అలా మొదలైంది. మొదలైన సంగతి అప్పటికి ఇద్దరికీ తెలియదు.

తప్పు పూర్తిగా అతనిది కాదులెండి. లారీ అంత బండిలో పదహారుమంది ఎక్కి, జాంబియా నుంచి బోట్స్వానా, నమీబియాల మీదుగా కేప్‌టౌన్ దాకా ఇరవై రోజులు పోయే క్యాంపింగ్ టూర్ అది. ఎక్కడ ఆగితే అక్కడ ఎవరి టెంటు వాళ్ళే వేసుకోవాలి. వంతులవారీగా కూరలు తరగాలి, గిన్నెలు తోమాలి. తుడిచే గుడ్డ మాత్రం ఇవ్వరు. కడిగిన ప్లేట్లను రెండు చేతులా పట్టుకుని, ఎగరబోయే కోడిలా ఊపి ఊపి ఆరబెట్టాలి. డ్రైవరు తెండాయ్ ఇద్దరు ఇండియన్లనూ ఒకే జట్టులో వేశాడు. మాట కలుస్తుందని ఆయన మంచి ఉద్దేశం.

"కళ్ళు కనపడవా?" అంది ఆ అమ్మాయి ఇంగ్లిషులో, ముఖం తుడుచుకుంటూ.

"సారీ. గాలి ఇటు తిరిగింది."

"గాలి తిరగలేదు. మీ చెయ్యి తిరిగింది."

ఆ ఇంగ్లిషులోని యాస విని కుమారవేల్‌కి అనుమానం వచ్చింది. తమిళంలో ఊరు అడిగాడు. పేరు కలైవాణి. చెన్నైలో చిన్నపిల్లల పళ్ళ డాక్టరు. సొంతూరు విరుదునగర్.

"నాది కోవిల్‌పట్టి," అన్నాడు సంబరంగా. రెండూళ్ళకీ మధ్య బస్సులో గంట దారి.

"అయితే ఇంకో గంట దూరం జరిగి నిలబడండి," అంది కలైవాణి.

కుమారవేల్ పప్పుమిల్లులకు యంత్రాలు బిగించే ఇంజినీరు. జాంబియా రాజధాని లుసాకాలో పని ముగిశాక మిగిలిన సెలవును ఈ టూర్‌లో పెట్టాడు. పెట్టినందుకు ఆ పూట చింతించాడు కూడా.

మర్నాడు ఉదయం, చోబే నది ఒడ్డున క్యాంపులో అందరూ టీ తాగుతున్నారు. ఒక కోతి ఎక్కణ్ణుంచో దిగి, నేరుగా కలైవాణి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఆమె చేతిలోని బ్రెడ్డు వైపు చెయ్యి చాపింది. కలైవాణికి తమిళమూ ఇంగ్లిషూ రెండూ ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

"అయ్యయ్యో, పో, ఆడికి పో. అవ్వా, నాకు బయంగా ఉండాదే..."

కుమారవేల్ గరిటె పుచ్చుకుని కోతిని అదిలించాడు. అది బ్రెడ్డుతో సహా వెళ్ళిపోయింది. అతను గరిటె దించకుండా అలాగే నిలబడిపోయాడు.

"మీరు తెలుంగా?" అన్నాడు.

కలైవాణి కళ్ళు పెద్దవి చేసింది. "ఇంట్లో తెలుంగే. మీరూనా?"

"మేమూ అంతే. లోపల తెలుంగు, బయట తమిళు."

"నిన్నటి నుంచి నన్ను తెలుంగులో ఎన్ని తిట్టుకుంటిరి?"

"మూడు."

"నేను ఏడు," అంది ఆమె. ఇద్దరూ పగలబడి నవ్వారు.

వాళ్ళ ఊళ్ళలో తెలుగు గడప లోపలి భాష. చెప్పులు తొడిగితే తమిళమే. అలాంటిది ఇప్పుడు రోడ్డు మీద, జనం మధ్యలో, గొంతెత్తి తెలుగు మాట్లాడుకోవచ్చు. వినే పద్నాలుగుమందికీ ఒక్క ముక్క అర్థం కాదు. ఆ స్వేచ్ఛకు ఇద్దరూ పిచ్చెక్కిపోయారు. ముందు సీటులో హెల్గా అనే జర్మన్ టీచరమ్మ గురకకు రాగం పేరు పెట్టారు. రెండో రోజుకు మీరు నువ్వైంది. మూడో రోజుకు కలైవాణి పక్క సీటు అడక్కుండానే అతనిదైంది.

ఒకవాంగో చిత్తడిలో, గడతో తోసే సన్నటి పడవలో ఇద్దరూ ముందూ వెనకా కూర్చున్నారు. కలువల మధ్యనుంచి పడవ పోతుంటే సన్నగా వాన మొదలైంది.

"నువ్వు ఈడికి ఎందుకు వచ్చినావు కలై?"

"ఏనుగును చూసేదానికి."

"ఊళ్ళో చూళ్ళేదా?"

"గుడి ముందర చూసుండాను, కాలికి గొలుసుతో. గొలుసు లేకుండా నడిచేది చూడాలని చిన్నప్పటి నుంచి ఆశ," అంది. "మా అవ్వకు చెప్పితే, పోయి చూసి రాపో, నేను ఉండాను మీ నాయనకు బదులు చెప్పేదానికి అనె," అని నవ్వింది.

వాన చినుకులు ఆమె జడ మీద నిలిచి ఉన్నాయి. కుమారవేల్ వాటినే చూస్తూ, ఈ పడవ ఒడ్డుకు చేరకపోతే బాగుండునని మనసారా కోరుకున్నాడు. అతనికి ప్రేమ వచ్చేసింది. అందులో ఇంక సందేహం లేదు.

ప్రేమ వచ్చాక వాళ్ళ ఇళ్ళలో పుట్టిన కుర్రవాడికి వచ్చే మొదటి భయం ఒకటుంది. ఉద్యోగం, జీతం, జాతకం అన్నీ తరవాత. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళే. అక్కడితో మాట ఆగిపోవలసిందే. అతని తల్లి తంగం ఫోన్లో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

ఎటోషా అడవిలో మధ్యాహ్నం బండి నీటి మడుగు దగ్గర ఆగింది. కలైవాణి కోరుకున్న ఏనుగులు బారులు తీరి వచ్చాయి. ఆమె కిటికీలోంచి సగం బయటికి వంగి చూస్తోంది. ధైర్యం చాలక చాలక, కుమారవేల్ ఆ సమయంలోనే అడిగాడు.

"కలై, మీ ఇంటిపేరేమి?"

"మద్దినేనోళ్ళ ఇల్లంటారు. మా వీదిలో ఎవుర్ని అడిగినా చూపిస్తారు. ఏమి, వస్తావా?"

ఆఖరి మాటలు అతని చెవిన పడలేదు. మొదటి మాట దగ్గరే అతను ఆగిపోయాడు.

"మాదీ మద్దినేనే," అన్నాడు.

"మంచిదే గదా."

"అట్లంటే... నువ్వు నాకు చెల్లివి."

కలైవాణి లోపలికి జరిగి కూర్చుంది. అతని ముఖంలోకి చూసింది. మళ్ళీ ఏనుగుల వైపు తిరిగింది.

"సెరి అన్నా," అంది.

ఆ రోజు నుంచి ఆమె ఆ మాటను ప్రతి వాక్యానికీ మేకులా దిగ్గొట్టింది. అతను టెంటు వేసి పెట్టబోతే, "నాకు రెండు చేతులు ఉండాయి అన్నా," అనేది. టీ అందిస్తే, "చల్లారిపాయె అన్నా," అనేది. పక్క సీటు వదిలేసి, వెళ్ళి హెల్గా దగ్గర కూర్చుంది. ఈ బాధ తనకొక్కడికే కాదు, ఆమెకూ ఉందని కుమారవేల్‌కి తోచింది. ఇద్దరూ ఒకే బండిలో ఉంటే అది తగ్గదనీ తోచింది. మనిషికి తిండి సయించలేదు. స్వకోప్‌ముండ్ అనే తీరపు ఊరు చేరాక, అంత సముద్రమూ ఎదురుగా ఉన్నా పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదతనికి.

"నేను దిగిపోతాను," అని తెండాయ్‌తో చెప్పేశాడు. ఎడారి దారిలో సాలిటేర్ అనే చిన్న మజిలీ ఉంది, అక్కణ్ణుంచి మధ్యాహ్నం రాజధాని విండ్‌హుక్ వెళ్ళే వ్యాను దొరుకుతుందని తెండాయ్ చెప్పాడు.

సాలిటేర్ అంటే ఒక పెట్రోలు బంకు, ఒక బేకరీ, ఇసకలో తుప్పు పట్టిన నాలుగు పాత కార్లు. కుమారవేల్ బ్యాగు దించుకున్నాడు. వ్యాను అప్పటికే వచ్చి ఉంది. బేకరీ వైఫైతో ఫోన్ మాట్లాడుతున్న కలైవాణి ఆ బ్యాగును చూసి ఆగింది.

"పోతా ఉండావా?"

"పని ఉండాది."

"సెరి. మా అవ్వ నాలుగు దినాలుగా కోవిల్‌పట్టి పిల్లోణ్ణి చూపించమని అడుగుతా ఉంది. ఒక మాట చెప్పి పో," అని ఫోను అతని ముందు పెట్టింది. ఆమె కళ్ళు మాత్రం పాత కార్ల మీద ఉన్నాయి.

తెర మీద పుష్పం అవ్వ. తల్లోకి మల్లెపూలు కడుతూ, కళ్ళజోడు సర్దుకుంది.

"ఏమి నాయనా, బాగుండావా? కోవిల్‌పట్టిలో ఎవురోళ్ళు మీరు?"

"మద్దినేని, అవ్వా. మీరూ అదే గదా. మనం దాయాదులం," అన్నాడు.

అవ్వ చేతిలో దారం ఆగింది. "మేము మద్దినేని అని ఎవురు చెప్పిరి?"

"మీ మనవరాలే."

"ఏమే, ఏమి చెప్పితివి?"

"మన ఇంటిపేరు అడిగినాడు. మద్దినేనోళ్ళ ఇల్లంటిని," అంది కలైవాణి. "వీదిలో అందరూ అట్లనే గదా అంటారు."

వచ్చిన నవ్వు ఆపుకోవడానికి అవ్వ మల్లెపూలు పక్కన పెట్టవలసి వచ్చింది.

"ఇంత చదివినావు, ఇంటిపేరంటే ఏమో తెలీదా నీకు? ఆ ఇల్లు మద్దినేనోళ్ళది. మీ తాత వాళ్ళ కాడ కొనె. మనం సూరపనేనోళ్ళం."

పాపం, తెలిసే దారి ఆ పిల్లకెక్కడుంది? వాళ్ళ వైపు సర్టిఫికెట్లలో పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు పెళ్ళిమాటలప్పుడు పెద్దల నోట తప్ప బయటికి రాదు. ఇంటిపేరంటే ఇంటికున్న పేరే అనుకుంది.

"నాయనా," అంది అవ్వ, "మీ మద్దినేనోళ్ళకే దీని తాత చెల్లెల్ని ఇచ్చుండారు. నువ్వు దీనికి అన్నవి ఎట్లయితావు? బావ వరస."

వ్యాను హారన్ కొట్టింది. కలైవాణి ఫోను దించి అతని వైపు తిరిగింది.

"ఇంటిపేరు చూసేనా నన్ను చెల్లి అంటివి?"

"మరి? ఒకే ఇంటిపేరైతే ఇంకేమి చేసేది?"

"నేను నీకు ఇష్టం లేదనుకొంటిని. తప్పించుకునేదానికి అట్ల అంటా ఉండావనుకొంటిని."

"ఇష్టం లేకనా? ఏనుగులన్నీ ముందర వచ్చి నిలబడితే, నిన్ను చూస్తా ఉంటిని నేను," అన్నాడు కుమారవేల్. ఇంక ఆగలేకపోయాడు. "నీ పక్కన అన్న మాదిరి ఇంకా పది దినాలు కూర్చోలేకనే దిగిపోతా ఉండాను. నాకు నువ్వు కావాల కలై."

ఆమె కళ్ళు నిండాయి. "ఇంటిపేరు ఎందుకు అడుగుతా ఉండావో ఆ పొద్దే ఒక మాట చెప్పకూడదా?"

"ఎందుకని నువ్వైనా అడగకూడదా?"

"అడిగే కోపం కాదు నాది. ఏడ్చే కోపం." చేత్తో ముఖం తుడుచుకుంది. "అన్నా అని పిలిచినప్పుడంతా ఏడుపే వచ్చె. నాకూ నువ్వే కావాల."

అని, ఒంటిచేత్తో అతని బ్యాగు ఎత్తి మళ్ళీ బండిలోకి విసిరేసింది. వ్యాను డ్రైవరు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. బేకరీ ముందు కూర్చున్న హెల్గా కేకు ముక్క చేత్తో పట్టుకుని ముసిముసిగా నవ్వుతోంది.

ఇంతమంది ఎదుట అంత బాహాటంగా మాట్లాడుకున్నారంటే, ఒక్కరికీ తెలుగు రాదన్న ధైర్యమే. తెలుగు వచ్చిన మనిషి ఒకరున్నారని ఇద్దరూ మరిచారు.

"నేనింకా ఫోను పెట్టలా," అంది కలైవాణి చేతిలోంచి పుష్పం అవ్వ. "మీ అమ్మ పేరేమి నాయనా? ఏ వీది?"

కుమారవేల్ తడబడుతూ చెప్పాడు. అవ్వ రెండూ ఒకసారి పైకి చెప్పుకుంది.

"సెరి. మీరు తొందరపడొద్దు, ఆఫ్రికా అంతా తిరిగి చూసి రండి. నేను రేపు పొద్దున బస్సెక్కి కోవిల్‌పట్టి పొయ్యొస్తా."