ఎల్ బోర్డు రేసరు

డ్రైవింగ్ టెస్టు ట్రాక్ మీద ఎనిమిది అంకె ఎలా తిప్పాలో నీరజ పదేళ్లుగా నేర్పుతోంది. దాన్ని పదకొండు సెకన్లలో తిప్పెయ్యొచ్చని మాత్రం జూన్ రెండో తారీఖు సోమవారం పొద్దునే ఆమెకు తెలిసింది.

తెల్ల కారొకటి ట్రాక్‌లోకి దూరింది. టైర్లు కీచుమన్నాయి. ఎనిమిదిలోని రెండు సున్నాలూ చుట్టేసి, రివర్స్ పెట్టాల్సిన చోట మూడు కర్రలు పడగొట్టి ఠక్కున ఆగింది. ముందుగా అందులోంచి ఇన్‌స్పెక్టర్ గారు దిగారు. దిగి, కారు టాపు పట్టుకుని కాసేపలా నిలబడిపోయారు.

తర్వాత ఓ నలభై ఏళ్ల మనిషి దిగాడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది గానీ, ముఖంలో మాత్రం క్లాసులో ఫస్టొచ్చిన కుర్రాడి గర్వం.

"ఫెయిల్," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు, ఊపిరి తీసుకుని.

"అదేంది సార్! టైం మంచిగనే వచ్చింది గదా!"

నీరజకి నవ్వు ఆగలేదు. ఆమె వెనక నిలబడ్డ ఇద్దరు గృహిణులు, ఆ రోజు టెస్టుకొచ్చి దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నవాళ్లు, వాళ్లూ నవ్వేశారు. ఆ మనిషి గిరుక్కున తిరిగాడు.

"ఏంది మేడమ్, గట్ల నవ్వుతున్రు?"

"ఇక్కడ టైం ఎవరూ చూడరండీ. ఎవరూ చావకుండా ఉన్నారా లేదా అని చూస్తారు."

"ఎవరు సచ్చిన్రు ఇప్పుడు?"

"ఇన్‌స్పెక్టర్ గారిని అడగండి. సగం ప్రాణం కారులోనే వదిలేసినట్టున్నారు."

ఆమె చొక్కా జేబు మీద 'నీరజ డ్రైవింగ్ స్కూల్, నాచారం' అని కుట్టి ఉంది. అతను దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పదింటికల్లా ఆ మనిషే స్కూలు ముందు బస్సు దిగాడు.

"పేరు?" అంది నీరజ, ఫారం తీసి, ముఖం వీలైనంత గంభీరంగా పెట్టుకుని.

"బెన్నీ."

"ఏం చేస్తుంటారు?"

"కారు రేసర్."

పెన్ను ఆగింది. "డ్రైవింగ్‌లో అనుభవం ఏమైనా ఉందా అని అడగాలి నేను. ఫారంలో ఉంది."

"పన్నెండు సీజన్లు ఉంది మేడమ్. లైసెన్సే లేదు."

సంగతేమిటంటే, పాత లైసెన్సు మీద నలభై నిండేదాకే గడువు రాసి ఉంది. తనకి నలభై నిండిన సంగతి బెన్నీ పట్టించుకోలేదు.

"మా అమ్మ కేకు గూడ కోయించింది. గప్పుడన్న సోయి రావాలె గదా! ఏడాది దాటిపోయింది. మళ్ల మొదటిసంది టెస్టు ఇయ్యాలంటున్రు. గా లైసెన్సు నంబరు లేకపోతే రేసింగోళ్లు ఎంట్రీ తీస్కోరు. ముప్పై తారీఖు సాయంత్రం అయిదుకు బంద్."

"ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు."

"వచ్చే ఏడు లేదు మేడమ్. నాకు నలభై ఒకటి. టీమ్ ఓనరు పోరగాళ్లను తీస్కుంట అంటున్నడు. ఇదే ఆఖరు."

ఆ మాట అతను నవ్వుతూనే అన్నాడు. నీరజ మాత్రం నవ్వలేదు. ఫారం మీద స్టాంపు కొట్టింది.

జాతీయ సెలూన్ కార్ల పోటీల్లో పై డివిజన్ ఒకటుంటుంది. టీవీ వాళ్లూ, డ్రైవర్లకు గొడుగు పట్టేవాళ్లూ అక్కడుంటారు. దాని కింద రెండో డివిజన్ ఉంటుంది. అక్కడ ఎవరి గొడుగు వాళ్లే తెచ్చుకోవాలి. మనం వీధిలో చూసే మామూలు కారునే తీసుకుని, సీట్లు పీకేసి, లోపల ఇనుప పైపుల పంజరం బిగించి కోయంబత్తూరులోనో చెన్నైలోనో పరిగెత్తిస్తారు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇంజన్లు బాగుచేసుకునే బెన్నీ ఏటా రేసుల రోజులు రాగానే షెడ్డుకి తాళం వేసి అక్కడికి పోతాడు. మూడేళ్లు సీజన్ మొత్తం మీద రెండోవాడిగా వచ్చాడు. మొదటి స్థానం ఒక్కసారీ దక్కలేదు. గెలిచినవాళ్లు పై డివిజన్‌కి వెళ్లిపోతుంటే చెయ్యూపి ఇంటికొచ్చేవాడు.

"రెండో మెట్టు మీద నిలబడితే ఫోటోల సగం ముఖమే వస్తది మేడమ్. ఒక్కసారన్న నడుమల నిలబడాలె," అన్నాడు మొదటి క్లాసులో.

"ముందు కారుని ఈ పైపుల మధ్యలో నిలబెట్టండి," అంది నీరజ.

బోడుప్పల్ దాటాక, ప్లాట్ల రాళ్లు పాతి ఇంకా ఇళ్లు కట్టని ఓ వెంచర్‌లో ఆమె క్లాసులు. పాత పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి, ప్లాస్టిక్ పైపులు పాతి వరసగా పెట్టింది. కారుకి ఆమె వైపు కూడా ఓ బ్రేకుంది. మొదటి వారమంతా బెన్నీ కంటే ఆమె కాలే ఎక్కువ పనిచేసింది.

"స్పీడు ఎంత?"

"ఇరవైయే మేడమ్."

"ఎనిమిదికి రండి."

"ఎనిమిదిల మనుషులు నడుస్తరు!"

"మనుషుల్లాగే నడవండి మరి. ఇండికేటర్ వెయ్యలేదు."

"ఎటు పోతున్ననో ఎనకోనికి జెప్తే వాడు ముందుకొస్తడు గదా!"

"వెనక గేదె తప్ప ఎవరూ లేరు. దానికి చెప్పండి, పర్లేదు."

రివర్స్ సంగతి ఇంకా అన్యాయం. గోడకి గుద్దుకున్నప్పుడు తప్ప పన్నెండేళ్లలో ఆ గేరు వేసిన పాపాన పోలేదట. అయినా పదో రోజుకల్లా కారు అతని మాట విన్నది. అన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. రివర్స్‌లో లోపలికి తెచ్చేటప్పుడు ఎడమ పక్క చివరి పైపు రోజూ పడుతుంది. టక్‌మని ఒక్క చప్పుడు.

"ఇంకా రెడీ కాలేదు మీరు," అనేది నీరజ.

"కాలే మేడమ్," అనేవాడు బెన్నీ, ఏమాత్రం బాధ లేకుండా.

తిరుగు దారిలో అతను రోజుకో సీజన్ కథ చెప్పేవాడు. డోరు ఊడిపోతే తీగతో కట్టి రేసు ముగించిన సీజను, ఆఖరి ల్యాపులో గేర్‌బాక్సు చేతికొచ్చిన సీజను. నీరజ తన పదకొండు పెళ్లిచూపుల కథలు చెప్పేది. ఒకాయన బజ్జీలు తిని ఆమె డ్రైవింగ్ మానేస్తుందా అని అడిగాడట. మీరు బజ్జీలు మానేస్తారా అని ఆమె అడిగిందట. బెన్నీ ఎంత నవ్వాడంటే కారు ఆపుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఇండికేటర్ కూడా వేశాడు.

మౌలాలిలో ఇంటి దగ్గర తండ్రి విశ్వనాథం, రిటైరైన రైలు డ్రైవరు, కూతుర్ని అడిగాడు. "ఆ రేసు అబ్బాయికి ఇంకా రాలేదా అమ్మా?"

"చివరి పైపు దగ్గర తడబడుతున్నాడు నాన్నా."

"పన్నెండేళ్లు బండి నడిపినవాడా?" అని ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. నీరజ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇరవై ఏడో తారీఖు సాయంత్రం క్లాసు అయిపోయింది. నీరజ కిందికి దిగి పైపుల డబ్బాలు ఒక్కొక్కటీ ప్రహరీ పక్కకు చేర్చడం మొదలుపెట్టింది. రెండు డబ్బాలు జరిపిందో లేదో, ఆకాశం ఒక్కసారిగా కుమ్మరించింది. కారేమో ఆ చివరనుంది. తలదాచుకోవడానికి చుట్టుపక్కల గోడ తప్ప చూరు లేదు.

అప్పుడు చూసింది. కారు వెనక్కి వస్తోంది. వెనక అద్దమంతా ఆవిరి పట్టి ఉంది. రెండు వరసల పైపుల మధ్యనుంచి, మలుపు తిరిగి, తిన్నగా, ఆమె నేర్పిన వేగానికి నాలుగింతల వేగంతో వచ్చి, ఆమె మోకాలికి జానెడు దూరంలో ఆగింది. డోరు తెరుచుకుంది.

"ఎక్కున్రి, తడుస్తరు!"

నీరజ ఎక్కింది. ముఖం తుడుచుకుంది. ముందు అద్దంలోంచి పైపులు లెక్కపెట్టింది.

"బెన్నీ గారూ, ఒక్కటి కూడా పడలేదు."

"వాన గదా మేడమ్... జర జరిగినయేమో."

"సిమెంటు డబ్బాలు జరిగాయా?"

బెన్నీ వైపర్ల స్పీడు పెంచాడు.

"ఎప్పట్నుంచి?" అంది ఆమె.

"రెండో వారం సంది."

"ఎందుకు?"

"పైపు పడకపోతే మీరు రెడీ అంటరు. గట్లంటే తెల్లారి నుంచి గా సీట్ల మీరుండరు. ఏం జెప్పుకొని రావాలె నేను మీ స్కూలుకు?"

ఆ మాటకు కలిగిన సంతోషాన్ని నిండా ఒక నిమిషం కూడా ఉండనివ్వకుండా కోపం ముంచుకొచ్చింది.

"బుద్ధుందా మీకు? మూడు రోజుల్లో ఎంట్రీలు మూసేస్తారు!"

"ఎరికె."

"పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్న సీజను!"

"ఎరికె మేడమ్."

"ఇవాళ హాయిగా వదిలేస్తారు. పదేళ్ల తర్వాత టీవీలో ఎక్కడో రేసు వస్తుంటే నా ముఖం వంక చూస్తారు. ఆ చూపు నేను పడలేను బెన్నీ గారూ."

"మీకోసం ఇడుస్తున్న అని నేననలే గదా?"

"అనలేదా?"

బెన్నీ ఆలోచించాడు. "...అన్ననేమో."

వాన కారు మీద దంచుతోంది. నీరజ ఫోన్ తీసి టెస్టు స్లాట్ల కోసం వెతికింది. ముప్పయ్యో తారీఖు పదకొండింటికి ఒక్కటే ఖాళీ. బుక్ చేసేసింది. చేసి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి అంది.

"మీకో మాట చెప్పాలి. పందొమ్మిదిన ఓ స్లాటు ఖాళీగా ఉండేది. మీరడిగితే లేదని చెప్పాను."

"ఎందుకు?"

"మీకా పైపు ఎందుకు తగిలిందో, అందుకే."

తిరిగి వచ్చేటప్పుడు నీరజే నడిపింది. ఉప్పల్ దాకా ఇండికేటర్ వేయబోయి రెండుసార్లు హారన్ కొట్టింది.

ముప్పయ్యో తారీఖు పొద్దున విశ్వనాథం కూడా బయల్దేరాడు. "బండి నడపడం ఎవడైనా నడుపుతాడు. ఎలా ఆపుతాడో చూడాలి నేను," అన్నాడు.

ట్రాక్ పక్క రేకుల షెడ్డు కింద బెన్నీ నిలబడి ఉన్నాడు. ఈసారి ముఖంలో గర్వం లేదు, చెమట ఉంది. ఇవాళ ఒక్క కర్ర పడినా సీజను పోయినట్టే.

"మూడుసార్లు రెండోవాడివటగా?" అన్నాడు విశ్వనాథం, నమస్కారం అందుకుంటూనే.

"నాన్నా!" అంది నీరజ.

"అవును సార్."

"నేను ముప్పై నాలుగేళ్లు గూడ్సు నడిపానయ్యా. ఎక్స్‌ప్రెస్ నా చేతికి ఒక్కనాడూ ఇవ్వలేదు. లూప్ లైన్‌లో బండి ఆపుకుని, పక్కనుంచి ఎక్స్‌ప్రెస్‌లు వెళ్తుంటే వాళ్లకి పచ్చ జెండా ఊపేవాణ్ణి."

"కోపం రాకపోతుండెనా సార్?"

"వచ్చేది. తర్వాత, బొగ్గు కూడా చేరాల్సిందేగా అనుకున్నాను. నువ్వేమనుకుంటావ్?"

"ముందటోడు తప్పు జేస్తడని ప్రతి ల్యాపుల అనుకుంట సార్."

విశ్వనాథం పెద్దగా నవ్వేశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఈసారీ గెలవకపోతే ఆ చిరాకు ఇంట్లో ఎవరిమీద చూపిస్తావు?"

"గేర్‌బాక్సు మీద సార్. మనుషుల మీద ఎన్నడు జూపలే. కావాలంటే మా అమ్మను అడగున్రి."

ఇంతలో పేరు పిలిచారు. ఆ ఇన్‌స్పెక్టర్ గారే. బెన్నీని చూడగానే సీటు బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నారు.

కారు కదిలింది. ఎనిమిది అంకె తిరగడానికి నిమిషమున్నర పట్టింది. ఎవరూ లేని దారిలో ప్రతి మలుపుకీ ఇండికేటర్ మెరిసింది. రివర్స్ దగ్గరికి వచ్చేసరికి నీరజ కళ్లు మూసుకుని తండ్రి చెయ్యి పట్టుకుంది. టక్ మనే చప్పుడు కోసం చెవులు రిక్కించింది. రాలేదు.

"ఆపాడమ్మా," అన్నాడు విశ్వనాథం. "మెత్తగా ఆపాడు."

ఇన్‌స్పెక్టర్ గారు దిగుతూ అన్నారు. "ఇంత నెమ్మదిగా పోతే రోడ్డు మీద తిడతారయ్యా. పాస్."

లైసెన్సు నంబరు ఫోన్‌లోకి వచ్చేసరికి నాలుగున్నర అయింది. అప్పటికి ముగ్గురూ ఉప్పల్ రింగు రోడ్డు పక్క చాయ్ హోటల్లో మూడో చాయ్ దగ్గరున్నారు. బెన్నీ ఎంట్రీ ఫారం తెరిచి చకచకా నింపుకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

"ప్రమాదమైతే ఎవరికి ఫోన్ జెయ్యాలె అని అడుగుతున్రు. పన్నెండేండ్లు అమ్మ పేరే రాసిన. అమ్మకు డెబ్బై దాటినయి. ఫోన్ మోగితేనే గాబరా పడుతది." తలెత్తాడు. "మీ పేరు రాయొచ్చా?"

"రాయండి," అంది నీరజ.

పేరు రాశాడు. నంబరు చూడకుండానే కొట్టాడు. మళ్లీ ఆగాడు. "గీడ బంధుత్వం అని ఉంది. ఏం రాయాలె?"

"డ్రైవింగ్ టీచర్ అని రాయండి."

ఆ అమాయకుడు నిజంగానే కొట్టడం మొదలుపెట్టాడు. విశ్వనాథం సాసరు కింద పెట్టి, "ఏమయ్యా, నిన్ను పాస్ చేసింది ఎవరయ్యా!" అన్నాడు.

నీరజ ఫోన్ లాక్కుని, ఉన్నది చెరిపేసి, తను ఒక మాట కొట్టి తిరిగిచ్చింది. బెన్నీ చదివాడు. మళ్లీ చదివాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. విశ్వనాథం ఉండబట్టలేక కళ్లజోడు పెట్టుకుని తొంగిచూశాడు.

"భార్యా? ఇంకా కాలేదు కదమ్మా?"

"దీన్ని మళ్ల మార్చనియ్యరు మేడమ్," అన్నాడు బెన్నీ మెల్లగా. "సీజన్ అయ్యేదాకా గిదే ఉంటది."

"సీజన్ అయ్యేదాకేనా?" అంది నీరజ.

విశ్వనాథం అప్పటికే వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు ఆషాఢం కదమ్మా. శ్రావణం వస్తేగానీ ముహూర్తాలుండవు. అబ్బాయ్, ఆదివారం పొద్దున మీకు చర్చి ఉంటుందిగా, సాయంత్రం అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రా. బస్సులో కాదు, కారులోనే రా, ఇప్పుడు లైసెన్సుందిగా."

"వస్తం సార్... మామా," అన్నాడు బెన్నీ.

"మొదటి రేసు ఎప్పుడు?" నీరజ అడిగింది.

"ఆగస్టు పదిహేడు."

"శ్రావణంలోనే కదా నాన్నా. అప్పటికి పెళ్లయిపోతుంది. ఫారంలో తప్పేం లేదు," అంది నీరజ. "అయిదవుతోంది బెన్నీ గారూ. ఈ ఒక్కసారికి స్పీడుగా కొట్టండి."

బెన్నీ నొక్కాడు.