దగ్గిన మనిషి పక్క సీట్ల

"అన్నా, కోరుట్ల దాంక ఎక్కించుకుంటవా?"

జగిత్యాలల కారు అద్దం మీద కొట్టి అడిగింది దీవెన. నైట్ డ్యూటీ చేసి కండ్లు గుంజుకపోయినయ్. తెలంగాణ కోసం బంద్ నడుస్తున్నది. పొద్దటి సంది ఒక్క బస్సు లేదు.

ఓదెలుకు చిరాకు లేసింది. సిరిసిల్లల ఉంటడు, కిరాయికి టవేరా నడుపుతడు. దుబాయి నుంచి దిగిన బక్కయ్యను ఎయిర్‌పోర్టుల ఎక్కించుకొని కోరుట్లకు పోతున్నడు. దారి పొడుగుత రాస్తారోకోలే.

"ఇది బస్సు కాదు."

"బస్సయితే నిన్నెందుకు అడుగుత? నర్సును నేను. రాత్రంత నిలవడ్డ. ఇంక నాతోని కాదు."

వెనుక నుంచి బక్కయ్యే డోర్ తీసిండు. "రా బిడ్డా, కూసో" అని దగ్గిండు.

కోరుట్ల వచ్చేదాంక దగ్గుతనే ఉన్నడు. చలికి అద్దాలన్ని ఎక్కించి ఉన్నయ్. దీవెన ఆయన నుదురు ముట్టి చూసింది. "కాకా, ఒళ్ళు కాలుతున్నది. ముందు డాక్టర్ కాడికి పో."

దిగేటప్పుడు ఓదెలు నంబర్ తీసుకున్నది. "మళ్ళ బంద్ అయితే ఫోన్ చేస్తనే, అన్నా."

"అన్నా అనకుంటే ఎత్తుత."

ఆమె నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు.

ఓదెలు ఇంకో కిరాయి మీద ధర్మపురి పోయి, మర్నాడు సిరిసిల్లల ఇంటి ముందు బండి ఆపంగనే ఆమె ఫోన్ వచ్చింది.

"బక్కయ్య కాకకు స్వైన్ ఫ్లూ అంట. కరీంనగర్‌ల చేర్చుకున్నరు. మీ ఇంట్ల ఎవరున్నరు?"

"మంజులక్క. కాన్పుకొచ్చింది."

"అయితే వారం రోజులు ఇంట్లకు పోకు."

"నాకేమైంది? దుక్కలెక్కున్న!"

"రోగం లోపల ఉంటే బయటికి తేలేదాంక తెల్వది. కడుపుతోని ఉన్నోళ్ళకు అంటితె కష్టం. నా మాట ఇను."

అప్పుడే మంజుల తలుపు తీసింది. ఒక చెయ్యి నడుము మీద, ఇంకో చెయ్యి గడప మీద. "ఏమిరా తమ్మీ, లోపలికి రావా?"

ఓదెలు గేటు కాన్నే ఆగిపోయిండు. "అక్కా, దగ్గరికి రాకు" అన్నడు.

బంద్‌కు బట్ట నేసే సాంచెలు ఆగిపోయినయ్. దోస్తు సతీశ్ వాళ్ళ సాంచెల షెడ్డుల చాప ఏసుకున్నడు. అక్క పంపిన గిన్నె సతీశ్ గోడ మీద పెట్టి పోతుండె. ఎప్పుడూ మోగే షెడ్డు సప్పుడు లేకుండ ఉంటే, తన ఊపిరి తనకే పెద్దగ ఇనవడ్డది.

కోరుట్లల దీవెన కూడా చర్చి పక్క రూముల ఒక్కతే ఉన్నది. అమ్మ ఎల్లవ్వ బీడీలు చేస్తది, ఆమెకు ఆయాసం. కూడు గడప మీద పెట్టి దూరం జరుగుతది.

రోజూ పొద్దుగూకంగ ఫోన్.

"జ్వరమా?"

"లేదు. నీకు?"

"లేదు."

మొదట్ల గంతే. తర్వాత్తర్వాత మాటలు పెరిగినయ్.

"గొంతు గరగర అంటున్నది దీవెనా."

"బీడీ తాగినవా?"

"రెండు."

"గది వైరస్ కాదు, బీడీ."

"మీ అమ్మ చేసిన బీడీయేమో."

ఆమె మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు కోసమే ఓదెలు ఇంకో పూట బతికినట్టయింది.

ఒకనాడు ఆమె అన్నది, "అలిసిపోయిన ఓదెలూ. పొద్దంత నా నుదురు నేనే ముట్టుకొని చూసుకుంటున్న. గిట్ల ఎదురుచూసుడు కంటే జ్వరం వచ్చుడే నయమనిపిస్తున్నది."

"గట్లనకు. నేనేమైపోవాలె?"

ఎవ్వరూ ఫోన్ పెట్టలే. 'అన్నా' ఎప్పుడు పోయి 'ఓదెలూ' అయిందో ఇద్దరికి ఎరికలేదు.

మర్నాడు ఆమె ఫోన్ ఎత్తలే. పొద్దుగాల చేసిండు, పగటీలి చేసిండు. ఎత్తలే. బండి తీసిండు.

చర్చి రూము ఇవతల ఎల్లవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని కూసున్నది. "నిన్న రాత్రి సంది కాలిపోతున్నది కొడుకా. అంబులెన్సు రాస్తారోకోల ఆగిందంట. ఆటోవోళ్ళు రోగం పేరు ఇంటేనే పోతున్నరు."

ఓదెలు దస్తీ మూతికి కట్టుకొని లోపలికి పోయిండు.

"నువ్వెందుకొచ్చినవ్?" దీవెన గోడ దిక్కు మొకం తిప్పుకున్నది. "నీకు అంటలేదు. బయటవడ్డవ్. పో!"

"నడువు."

"చెప్తె ఇనవడుతలేదా?"

"ఇనవడ్డది. ఆటోవోడు రాడు. నేనన్న రావద్దా?"

ఆమె గుడ్లల్ల నీళ్ళు తిరిగినయ్. లేవబోయి తూలింది. ఓదెలు పట్టుకున్నడు.

జగిత్యాల తొవ్వల టైర్లు కాలుతున్నయ్. కండువా ఏసుకున్న పోరడు బండికి అడ్డం నిలవడ్డడు. అద్దంల నుంచి ఆమె మొకం చూసి, ఏం అడగకుంటనే వెనుకకు మల్లి, "జరుగుండ్రి, దవాఖాన బండి!" అని ఒర్రిండు. మనుషులు రెండు దిక్కుల జరిగిండ్రు.

దవాఖానల ఆమెను వేరే వార్డుల పెట్టిండ్రు. గోళీలు మొదలువెట్టిండ్రు, గొంతుల నుంచి శాంపిల్ తీసిండ్రు. ఓదెలు బయట బెంచీ మీద కూసున్నడు. ఎల్లవ్వ ఫోన్ చేసి అడిగింది.

"ఎవలు కొడుకా నువ్వు? నా బిడ్డకేమైతవ్?"

ఓదెలుకు అబద్ధమాడే శక్తి కూడా లేదు. "ఇంకా ఏం కాలేదవ్వా. ఆమె ఒప్పుకుంటే అయిత."

ఎల్లవ్వ కాసేపు దగ్గింది. "ఆదివారం ప్రార్థనకు వస్తవా?"

"కూసోమంటే కూసుంట."

"ముందు ఏమన్న తిను."

జ్వరం దిగినంక రిపోర్టు వచ్చింది. స్వైన్ ఫ్లూనే. కిటికీ అవతల మాస్కు ఏసుకున్న దీవెన, ఇవతల ఓదెలు.

"చూసినవా? నీ గండం గడిచిపోతుండె. నన్ను ఎత్తుకొచ్చి మళ్ళ మొదటికి తెచ్చుకున్నవ్." ఆమె మాస్కు సదురుకున్నది. "మళ్ళ అన్ని రోజులు. మంజులక్క కాన్పుకు కూడ నువ్వు ఉండవు."

"ఫోన్‌ల అక్కకు చెప్పిన. మొగపిల్లగాడైతే మామను తిడుతదంట, ఆడపిల్లయితే నీ పేరు పెడుతదంట."

"జోకా?"

"సగం." ఓదెలు కిటికీ కింద గోడకు ఆనుకొని కూసున్నడు. "దీవెనా, నాకు పెద్ద మాటలు రావు. ఒక్కన్ని ఎదురుచూసుడు అయితలేదు. నువ్వు పక్కనుంటే ఎన్ని రోజులైన చూస్త."

తర్వాత ఆమె కూడా అవతల గోడకు ఆనుకొని కూసున్న సప్పుడు ఇనవడ్డది.

"ఓదెలూ."

"ఊఁ."

"దగ్గు వస్తే దాచకు. ముందు నాకే చెప్పాలె."

"చెప్త."

"అయితే సరే. ఎదురుచూద్దాం."