తలకిందులుగా పెట్టిన గుడ్డు

"సీసా నీ బొటనవేలంత ఉంటుంది, ఖాయ్," అన్నాడు కర్నల్ విన్. "అందులో ఉన్నది ఈ ఏటి ఫ్లూ వైరస్. ఇవాళ పదింటికి దాన్ని లక్ష కోడిగుడ్లలోకి ఎక్కిస్తారు. గుడ్లలో పెరిగిన ఆ వైరస్ నుంచే మన టీకా."

"ఆ విదేశీ ముఠా దాన్ని కాజేస్తుందా?"

"మార్చేస్తుంది. ఆరేళ్ల కిందటి వైరస్ పెడుతుంది. ఫ్లూ ఏటా వేషం మారుస్తుందిగా! పాత వేషానికి తయారైన టీకా దేనికీ కొరగాదు. జనం మంచం పట్టాక వాళ్ల టీకా సరుకు ఓడలో దిగుతుంది."

ఖాయ్ పెదవి విరిచాడు. 1918లో ఫ్లూతో కోట్ల మంది చస్తుంటే రంగునీళ్లు మందని అమ్ముకున్న జాతి ఇది. ఇప్పుడు సూట్లు వేసుకుంది, అంతే తేడా. టీకా మొదటి జాబితాలో నలభయ్యో పేరు ఖాయ్ తండ్రిది. ఆయన ఊపిరితిత్తులు ఇంకో ఫ్లూని తట్టుకోలేవు.

"లోపల వాళ్ల మనిషెవరు?"

"ముఠాలో ఉన్న మన ఏజెంట్ దియెమ్ చెబుతుంది. నువ్వామెని ఎప్పుడూ చూడలేదు, కోడ్ మాటతో గుర్తుపట్టు. న్యా చాంగ్ ఊళ్లో టీకా ఫ్యాక్టరీ ఎదుట బాతుగుడ్ల కొట్టు. తొమ్మిదింటికి."

హమాలీ చొక్కాలో ఖాయ్ వెళ్లేసరికి దియెమ్ పట్టుబట్టల్లో, నల్లకళ్లద్దాలతో మెరిసిపోతోంది.

"ఈ ఏడు వాన ఆలస్యం," అన్నాడు.

"గొడుగు మాత్రం కొత్తదన్నా." గొంతు తగ్గించింది. "వాళ్ల మనిషి ల్యాబ్ పెద్ద డాక్టర్ దాత్. నేను ఇన్‌స్పెక్టర్‌నని చెప్పి నన్ను లోపలికి తీసుకెళ్లు. పట్టిస్తా."

"ఆ ముసలాయనా?"

"నేను ఈ సందులోనే పుట్టా. ఆయన సంగతి నాకు తెలీదా?"

కొట్టు నడిపే ఉత్ పిన్ని, పెంకు లోపల బాతుపిల్ల రూపు కట్టాక ఉడకబెట్టిన గుడ్లు తెచ్చింది. దియెమ్ గుడ్డుని గిన్నెలో మొన పైకి పెట్టి చెంచాతో కొట్టింది. రసం పట్టుబట్టల మీద కారింది.

"ఏ దేశం పిల్లవే తల్లీ!" పిన్ని పగలబడి నవ్వింది. "గాలి ఉండే మొద్దు వైపు పైకుండాలి, అప్పుడే రసం కారదు! మా మూడేళ్ల మనవరాలికీ తెలుసు."

"తొందరలో ఉన్నా పిన్నీ."

ఖాయ్ కూడా నవ్వాడు. ఎంత తొందరైనా ఎవరూ అన్నం ముద్ద చెవిలో పెట్టుకోరు. ఈ సందులో పుట్టిన మనిషి కాదీమె. అతని వేలు వాచీలోని మీట నొక్కింది. కర్నల్ మనుషులు గేట్ల దగ్గరికి చేరారు.

పది గంటలు. ల్యాబ్‌లో ట్రేల నిండా గుడ్లు, అన్నీ మొద్దు వైపు పైకే. సూది దిగేది అటునుంచే.

"అతనే! పట్టుకోండి!" దియెమ్ కేకకి అందరి తలలూ డాక్టర్ వైపు తిరిగాయి, ఒక్క ఖాయ్ తల తప్ప. దియెమ్ చెయ్యి బల్ల మీది సీసాని మార్చడం అతను చూశాడు. ఏమీ తెలియని ఒక అసిస్టెంట్ ఆ పాత వైరస్ సీసాని యంత్రానికి తగిలించేశాడు. సూదుల వరుస దిగింది. పెంకుకి వేలెడు దూరం.

ఖాయ్ ఎర్ర మీట మీద అరచేత్తో గుద్దాడు. సూదులు ఆగాయి.

దియెమ్ చేతిలోని లిప్‌స్టిక్ లాక్కుని మూత తీశాడు. అందులో రంగు లేదు. ఈ ఏటి లేబుల్‌తో బొటనవేలంత సీసా ఉంది.

"ఎలా కనిపెట్టావ్?" పళ్లు కొరికింది.

"మా భాష నేర్పారు, మా కోడ్ నేర్పారు. మా టిఫిన్‌ని మాత్రం తక్కువగా చూశారు. మీ ముఠా తెలివి అంతే."

మధ్యాహ్నం లాకప్‌లో ఆమె ఆకలి అంది. ఖాయ్ రెండు బాతుగుడ్లు పంపించాడు. ఏ వైపు కొట్టాలో మాత్రం చెప్పలేదు.