రాణి నంబర్ పదిహేడు

2007 ఏప్రిల్. యూఏఈలోని అల్ ఐన్.

ఖర్జూర తోటలో ఏజెంట్ ప్రమోద్‌ను ఎవరో విషపు సూదితో చంపి మూడు రోజులైంది. అతని చోటికి వచ్చిన ఏజెంట్ ఖాదర్ హుస్సేన్ ముందుగా అడిగింది బూట్ల సైజు. ప్రమోద్ వదిలిన రబ్బరు బూట్లు సరిపోతాయో లేదో తెలియాలి కదా. పదేళ్ళ స్నేహితుడు. అయినా ఏడుపు రాలేదు. రానందుకు కొంచెం సిగ్గేసింది, అంతే.

చీఫ్ వేణుగోపాలరావు ఫోన్‌లోనే బ్రీఫింగ్ ముగించాడు.

"రాణి తేనెటీగ, నంబర్ పదిహేడు. ఈగల్ని చంపే తెగులును తట్టుకునే జన్యు మార్కర్లన్నీ దాన్లోనే ఉన్నాయి. ఎనిమిదేళ్ళ బ్రీడింగ్. విదేశీ ముఠా ఎత్తుకుపోతే మనకు మిగిలేవి ఖాళీ పెట్టెలు."

"సరే సార్."

"తోటలోని ల్యాబ్‌లో మాహిరా మన మనిషే. కోడ్ వర్డ్ పసుపు చుక్క."

ఆ ఏటి రాణుల వీపు మీద పెట్టే రంగు అది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురు విదేశీ అతిథులు తోట చూడటానికి వచ్చారు. ఖాదర్ పనివాడి వేషంలో, ఈగల్ని శాంతపరిచే పొగడబ్బాలో కెమెరా దాచి నిలబడ్డాడు. నల్ల కళ్ళద్దాల మాహిరా పక్కకొచ్చింది.

"పసుపు చుక్క. రాణి పోయింది, ఖాదర్ భాయ్. ఆ ముగ్గురిలో ఒకరి పనే."

అతిథుల సంచులన్నీ వెతికారు. ఏమీ దొరకలేదు. ఆధారం లేనిదే గేటు దగ్గరి పోలీసులు ఎవర్నీ ఆపరు. కారు స్టార్టయింది. సాగనంపే మిషతో మాహిరా కూడా ఎక్కబోయింది.

తేనెపెట్టెలు చూసే లింబాద్రి జగిత్యాల మనిషి. ఇదంతా చూసి విసుక్కున్నాడు.

"గింత పరేషాన్ ఎందుకు సార్? తల్లి పోయినంక పిల్లలు ఊకుంటయా?"

పదిహేడో పెట్టెలోని ఈగలు పట్టిన చట్రాలు తెచ్చి కారు పక్కనే దులిపాడు. నాలుగు వేల ఈగలు, అన్నీ ఆడవే, గాల్లో రెండు చుట్లు తిరిగాయి. అతిథులను దాటుకుని మాహిరా హ్యాండ్‌బ్యాగ్ మీద గుత్తిగా వాలాయి.

ఖాదర్ అందులో చెయ్యి పెట్టి లిప్‌స్టిక్ గొట్టం తీశాడు. దానికి సన్నని రంధ్రాలు. లోపల పసుపు చుక్క కదులుతోంది.

"ప్రమోద్‌కు తెలిసిపోయింది. చంపక తప్పలేదు," అంది మాహిరా.

కోపం రావాలి. రాలేదు.

"ఖలాస్. పద," అన్నాడు.

పోలీసులు ఆమెను తీసుకెళ్ళాక లింబాద్రి అతని చెయ్యి పట్టి చూశాడు.

"ఏడు ఈగల ముండ్లు దిగినయ్ సార్. నొస్తలేదా?"

"ఇంకా లేదు."

సాయంత్రం రిపోర్టులో 'నిందితురాలిని పట్టుకున్నవారు' అన్న గడి దగ్గరికి వచ్చాడు ఖాదర్. వాచిన చేత్తోనే నింపాడు: నాలుగు వేలమంది ఆడవాళ్ళు, ఒక లింబాద్రి.