గడప మీద గాజుల గొట్టం

పొద్దున్నే తలుపు తీసిన గట్టయ్యకు గడప మీద బాంబు కనిపించింది.

అతడు అరవలేదు. గోదావరిఖనిలో షాట్‌ఫైరర్ అతడు. బొగ్గుకు రంధ్రాలు వేయించి, మందు కూరి, పేల్చడమే అతని ఉద్యోగం. పేలకుండా మిగిలిన మందు ఎంత మోసకారిదో అతనికి తెలుసు. వంగి చూశాడు. జానెడు పొడవు. గుండ్రం. చుట్టూ మందు ప్యాకెట్లకు వాడే మైనపు కాగితం, దాని మీద డేంజర్ అని ఎర్ర అక్షరాలు. పైన రెండు తీగలు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, పాము నాలుకలా చీలి నిలబడ్డాయి.

"ఏమే లస్మవ్వా," అన్నాడు భార్యతో మెల్లగా. "పిల్లను తీస్కొని ఎనుక దర్వాజ నుంచి బయటికి పో. పొయ్యి మీద చాయ్ ఉంటె ఉండనియ్యి."

అది బాంబు కాదు. గాజులు వేసి పెట్టుకునే వెదురు గొట్టం. ఆ సంగతి ఊరు మొత్తం మీద ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ వీధి నల్లా వెనక నక్కి చూస్తున్నాడు.

పేరు రాజం. గట్టయ్య పేల్చిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే ఫిల్లర్. పేలుడు తర్వాత బొగ్గులో రంగురంగుల వైరు ముక్కలు మిగులుతాయి. గని కుర్రాళ్లు వాటిని ఏరి బుట్టలూ తాళంచెవి గొలుసులూ అల్లుకుంటారు. రాజం మాత్రం గట్టయ్య కూతురు సారక్క కోసం వెదురు గొట్టం చుట్టూ నెమలిని అల్లాడు. అది కోడిలా వచ్చింది. మంచి కాగితంలో చుడితే ఆ లోపం కప్పుకుపోతుందనుకున్నాడు. అతనికి దొరికే వాటిలో మెరిసే కాగితం ఒక్కటే ఉంది.

అది 1973 శ్రావణం. ఆ పూటే నస్పూర్ నుంచి సారక్కకు పెండ్లిచూపులకు వస్తున్నారు. వాళ్లకంటే ముందు తన కానుక ఆమెకు అందాలి. రోజూ గడప కడిగేది సారక్కే. ఆ రోజు ఖర్మ కాలి గట్టయ్య ముందు లేచాడు.

గట్టయ్య ఈల తీసి సీటీ ఊదాడు. క్వార్టర్లలో జనం బిలబిలా బయటికొచ్చారు.

"మిస్‌ఫైర్," అని ప్రకటించాడు గట్టయ్య. "పేలని మందు. గనిల రూలే ఈడ. అర్ధగంట ఎవలు దగ్గరికి పోవద్దు. అటు చివరకు ఒకడు, ఇటు చివరకు ఒకడు కాపలా ఉండాలె. ఆ నల్లా ఎనుక ఎవడు?"

రాజం లేచి నిలబడ్డాడు.

"నీళ్లకొచ్చిన."

"బిందె ఏది?"

"నీళ్లొస్తున్నయో లేదో చూసిపోదామని."

"తెలివున్నోనివే. ఈ ఎర్ర గుడ్డ వట్టుకో. చీమను గూడ రానియ్యకు."

అలా రాజం తన కానుకకు తనే కాపలాదారు అయ్యాడు.

సగం అల్లిన జడతో సారక్క అతని దగ్గరికి వచ్చింది. ఆకాశం నల్లబడుతోంది. రాజం మొహం అంతకంటే నల్లబడింది.

"గది పేలుతదా?"

"పేలది."

"మా నాయినకు తెల్వంది నీకెట్ల తెల్సు?"

రాజం గుడ్డను నలిపాడు.

"ఏడాది సంది నల్లాకాడ నా దిక్కు చూస్తున్నవ్," అంది సారక్క. "ఇయ్యాల నోరు తెరిచినవ్. తెరిచి 'పేలది' అన్నవ్. ఇంకేమన్న ఉన్నదా, గంతేనా?"

"ఇంకోటున్నది."

"చెప్పు."

"దాన్ని నేనే పెట్టిన."

ఆమె ముక్కు మీద ఒక చినుకు పడింది. తుడుచుకోలేదు.

"మా ఇల్లు పేల్చేతందుకా?"

"నీకిచ్చేతందుకు. గాజుల గొట్టం. నెమలి అల్లిన."

"గాజుల గొట్టాన్ని గట్ల చుడ్తరా ఎవలన్న?"

"మంచిగ మెరుస్తదని."

"మరి ఆ తీగలు?"

"పువ్వు లెక్క ఉంటదని."

సారక్క ఓణీ నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పక్క క్వార్టరు ఐలవ్వ పరుగున వచ్చి వీపు నిమిరింది.

"ఏడ్వకు బిడ్డా. కంపెనీ ఇంకో ఇల్లు ఇస్తది."

ఐలవ్వ వెళ్లాక సారక్క గొంతు తగ్గించింది. "జల్ది పోయి నాయినకు చెప్పు."

"చెప్తె నౌకరి పోతది. ఆ కాయితం గనిల నుంచి బయటికి తేవద్దు. ఆడనే కాల్చాలె."

"చెప్పకుంటె నేను నస్పూర్ పోత. ఏది పోవాల్నో నువ్వే చూస్కో."

అంతలోనే నస్పూర్ వచ్చేసింది. ముందు పెండ్లికొడుకు పోశం, టెర్లిన్ చొక్కాలో. వెనక అతని తండ్రి నర్సింగం, చేతిలో మిఠాయి బుట్ట. రాజం ఎర్ర గుడ్డ ఎత్తాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఏ డ్యూటీ అంత మనసు పెట్టి చేయలేదు.

"ఆగుండ్రి. ముందట మిస్‌ఫైర్."

"పిల్లను చూడనీకొచ్చినం," అన్నాడు నర్సింగం.

"పిల్ల ఈడనే ఉన్నది. చూస్తె చూడుండ్రి. దాటుడు మాత్రం లేదు."

వాన జోరందుకుంది. పెండ్లిచూపులు రోడ్డు మీదే మొదలయ్యాయి.

"వంట వస్తదా బిడ్డా?" నర్సింగం అడిగాడు.

"వస్తది," అంది సారక్క. "వంటిల్లు మిగిలితే."

అర్ధగంట గడిచింది. గట్టయ్య గడ్డపార తీసుకుని గడపకు నాలుగడుగుల ఇవతల తవ్వడం మొదలుపెట్టాడు. పేలని మందు పక్కన ఇంకో రంధ్రం వేసి, అందులో మందు పెట్టి, రెంటినీ కలిపి పేల్చాలి. గనిలో పద్ధతి అదే. మందుకు పర్మిషన్ అడగడానికి మనిషిని కూడా పంపాడు.

"మరి ఇల్లో?" అంది లస్మవ్వ.

"ఇల్లు రూల్ల లేదు."

రాజం సారక్క వైపు చూశాడు. ఆమె కళ్లతో నస్పూర్ వాళ్ల వైపు చూపించింది. అతడు ఎర్ర గుడ్డను పోశం చేతిలో పెట్టాడు.

"జర వట్టుకో అన్నా. సీటీ పడేదాక చీమను గూడ రానియ్యకు."

వెళ్లి గట్టయ్య ముందు నిలబడ్డాడు.

"మామా, తవ్వకు."

గడ్డపార ఆగింది. షిఫ్టులో అందరూ గట్టయ్యను కాకా అంటారు. కాకా అంటే చిన్నాన్న, అలా పిలిస్తే సారక్క చెల్లెలవుతుంది. ఆ భయంతో రాజం అంతవరకు అతణ్ని ఏమీ అనకుండా నెట్టుకొచ్చాడు.

"ఎవనికి మామ?"

"గది బాంబు గాదు. సారక్క కోసం చేసిన గాజుల గొట్టం. కాయితం గనిల నుంచి తెచ్చిన. తప్పే. నౌకరి తీపిస్తె తీపియ్యి. పిల్లను మాత్రం నస్పూర్ ఇయ్యకు."

గట్టయ్య గొట్టాన్ని ఒకసారి, రాజాన్ని ఒకసారి చూశాడు.

"నేను నమ్మ."

"నీ మీద ఒట్టు."

"మిస్‌ఫైర్ కాడ ఒట్లు నడువయ్. 'ఏం గాదు కాకా' అని పోయినోళ్లను స్ట్రెచర్ల మీద మోసుకొచ్చిన నేను. జరుగు."

అతడు గడ్డపార ఎత్తాడు. అది దిగేలోపు సారక్క అందరినీ దాటుకుని గడప వైపు నడిచింది.

వీధి వీధంతా బురదలో బోర్లా పడింది. నర్సింగం మిఠాయి బుట్ట మీద పడ్డాడు. సారక్క గడప ముందు కూర్చుని తీగల ముడి విప్పుతోంది.

"బిడ్డా," అన్నాడు గట్టయ్య. ఎవరినీ మిస్‌ఫైర్ దగ్గరికి పోనివ్వని మనిషి గడ్డపార పారేసి దాని మీదికే ఉరికాడు. ఇటు నుంచి రాజం ఉరికాడు. ఇద్దరూ గడప దగ్గర ఢీకొని ఒకరి మీద ఒకరు పడ్డారు.

సారక్క చేతిలో గాజుల గొట్టం ఉంది.

గట్టయ్య ఊపిరి కూడదీసుకుని రాజం కాలరు పట్టుకున్నాడు. "నేనంటె తెల్వక ఉరికిన. బాంబు గాదని నీకు ఎర్కనే గద. నువ్వెందుకు ఉరికినవ్?"

"నువ్వు ఉరుకుతుంటే నాకూ అనుమానమొచ్చింది మామా."

గట్టయ్య అతని మొహంలోకి తేరిపార చూశాడు. ఆ మొహంలో అబద్ధానికి చోటు లేదు, తెలివికీ పెద్దగా లేదు. కాలరు వదిలాడు.

"కోడి మంచిగున్నది," అంది సారక్క.

"నెమలి."

"కోడే. కోడే మంచిగుంటది." చేతి గాజులు ఒక్కొక్కటే తీసి, అందరూ చూస్తుండగా గొట్టానికి తొడిగింది. లస్మవ్వకు అర్థమైంది. నర్సింగానికీ అర్థమైంది. లడ్డూలు అంటిన చొక్కాతో లేచాడు.

"పిల్లను చూసుడు అయిపోయింది. మేం పోతం. పోశం ఏడీ?"

పోశం వీధి చివర వానలో ఎర్ర గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తండ్రి దాటబోతే అడ్డం వచ్చాడు.

"సీటీ పడలే నాయినా."

గట్టయ్య కళ్లలో మెచ్చుకోలు మెరిసింది. "మంచి పిలగాడు. అల్లుడు గాకున్నా షిఫ్టుల పనికొస్తడు." అప్పుడు సీటీ ఊదాడు.

తర్వాత మైనపు కాగితాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి, రాజాన్ని పక్కన నిలబెట్టి, పూర్తిగా కాలేదాకా చూశాడు.

"ఇవి కాల్పించుడు నా డ్యూటీ. ఒకటి నా కన్ను తప్పింది. అందుకే నౌకరి ముచ్చట ఈడికే బంద్. ఆదివారం మీ అవ్వను తోల్కరా." కాస్త ఆగి అన్నాడు. "ఏమన్న తెస్తె కనవడేటట్టు తే."

ఆదివారం రాజం తల్లి మల్లక్క లడ్డూల పళ్లెం మీద గుడ్డ కూడా కప్పకుండా తెచ్చింది. దారి పొడవునా రాజం కాకులను తోలుతూ నడిచాడు. గడప దగ్గర గట్టయ్య ఒక్కో లడ్డూను తిప్పి తిప్పి చూశాడు. ఒకటి విరిచాడు. వాసన చూశాడు. నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు.

తలుపు సందులోంచి సారక్క అంది, "నాయినా, అర్ధగంట ఆగాల్నా?"

గట్టయ్య పక్కకు జరిగి దారి ఇచ్చాడు.